దేవతల వాటా పోగా

మా బావగారి బీరువాలో, అక్కయ్య పట్టుచీరల కింద ఒక స్కాచ్ సీసా ఉండేది. డాలస్ అల్లుడు 2011లో తెచ్చింది. సుంకం కట్టకుండా మనిషికి 2 లీటర్లకు మించి తేనివ్వరు కస్టమ్స్‌వాళ్లు. అందులో ఒక లీటరు మామగారి చేతిలో పెట్టాడంటే పిల్లాడు ఉత్తముడే. లేబుల్ మీద 12 ఏళ్లని ఉంది. బావగారు ఏటా సంక్రాంతికి ఒక ఏడు కలుపుతూ వచ్చారు. మొన్నటికి 26.

"సీసాలోకి దిగాక దాని వయసు ఆగిపోతుంది బావగారూ. ముదిరేది ఓక్ పీపాలోనే" అన్నాను.

"ఏవయ్యా, స్కాట్లాండ్ చలికే ముదిరింది, కూకట్‌పల్లి ఎండకి ముదరదా?"

ఎండ మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేం. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైపోతుంది. దాన్ని వాళ్లు దేవతల వాటా అంటారు. బెంగళూరు దేవతలకి దాహం ఎక్కువ, 10 శాతం పైనే లాగిస్తారు. అందుకే అక్కడి అమృత్ మాల్టుకి నాలుగైదేళ్లకే పెద్దరికం వచ్చేస్తుంది. కానీ అదీ పీపాలోనే. బీరువా పక్కన పద్నాలుగేళ్లు ముదిరింది బావగారొక్కరే.

షష్టిపూర్తి మర్నాడు డాబా మీద ముహూర్తం. ఎనిమిది మందిమి. వైన్‌ని పడుకోబెట్టాలని ఎక్కడో విని, దీన్నీ ఇన్నాళ్లూ పడుకోబెట్టారట. నానినాని బిరడా చివికిపోయింది. తిప్పగానే మూత చేతికొచ్చింది, బిరడా సీసా గొంతులో ఉండిపోయింది. చెంచా కాడతో లోపలికి పొడిచి, టీ జల్లెడలో వడపోశాం. జల్లెడ మళ్లీ వంటింటి గడప తొక్కకూడదన్న షరతు మీదే అక్కయ్య ఇచ్చింది. సరుకు సీసా భుజం దిగిపోయి ఉంది. దేవతలు కూకట్‌పల్లి దాకా రారు కదా అని అందరూ నా వైపే చూశారు.

పంపకం దగ్గుమందు మూతతో. తలా మూడు మూతలు. రెండు చుక్కల నీళ్లు పడితే వాసన విచ్చుకుంటుందన్నాను. "ఇరవయ్యారేళ్లదాంట్లో నీళ్లా!" అని బావగారు గుండె పట్టుకున్నారు. ఇంటర్నెట్ చదివొచ్చిన కుర్రాడు వెనిల్లా, తోలు, పొగ అంటూ దండకం అందుకున్నాడు. రిటైర్డ్ తహసీల్దారు గారు కళ్లు మూసుకుని పీల్చి, "రికార్డు రూము" అని తేల్చేశారు. ఆ సాయంత్రం విన్న వాటిలో నికార్సయిన మాట అదే.

ఒకాయన ఫ్రెంచి బ్రాందీ కూడా తెచ్చాడు, కోన్యాక్ ఎక్స్‌వో. మన దగ్గర ఏ మందు అమ్మినా కొట్టు పేరు బ్రాందీ షాపే. అక్కడి చౌక బ్రాందీకి పుట్టిల్లు చాలావరకు చెరుకు మడ్డి, ద్రాక్ష దూరపు చుట్టం. ఇదైతే అచ్చంగా ద్రాక్షే, రాగి బట్టీలో రెండుసార్లు కాచింది. ఎక్స్‌వో అనిపించుకోడానికి పీపాలో ఆరేళ్లుంటే సరిపోయేది, 2018 నుంచి పదేళ్లు చేశారు. రిటైర్మెంట్ వయసు పెంచడం మన ప్రభుత్వాలకే తెలుసనుకున్నాను. దాన్లో ఎవరో థమ్సప్ పోశారు. ఆ సంగతి వదిలేద్దాం.

మీ బీరువాలోనూ ఒకటి పడుకుని ఉంటే ఇవాళే లేపి నిలబెట్టండి. తెరిచే రోజు కబురు చెయ్యండి. జల్లెడ నేను తెస్తాను, అక్కయ్య దాన్ని నాకే ఇచ్చేసింది.