గుంటూరు త్ర్యక్షరీయం: టీకా తాత్పర్య సహితం

మూలం:
జీఎన్‌టీ ఎస్‌ఏపీ ఎన్‌ఆర్‌టీ వీకేఎన్
టీఈఎల్ బీపీపీ సీఎల్‌ఎక్స్ ఓజీఎల్

అవతారిక: ఊరి పేరును ఇంగ్లిషులో రాసి, అందులోంచి మూడక్షరాలు ఏరుకుని, మిగతావి తాలు కింద తీసిపారేసి రైల్వేవారు కట్టిన స్టేషను కోడులివి. కర్త ఎవరో ఎక్కడా లేదు గనుక అపౌరుషేయమని ఒక పక్షం, ఫలానా గుమాస్తా రాతేనని మరో పక్షం. రెండో పక్షం వారికి ఆ గుమాస్తా మీద ఏదో కోపం ఉన్నట్టుంది. నడికుడికి ఎన్‌డీకేడీ అని నాలుగక్షరాలు పడ్డాయి. గణంలో ఇమడక అది మూలంలోకి రాలేదు.

ప్రతిపదార్థం: జీఎన్‌టీ = గుంటూరు, ఎస్‌ఏపీ = సత్తెనపల్లి, ఎన్‌ఆర్‌టీ = నరసరావుపేట, వీకేఎన్ = వినుకొండ, టీఈఎల్ = తెనాలి, బీపీపీ = బాపట్ల, సీఎల్‌ఎక్స్ = చీరాల, ఓజీఎల్ = ఒంగోలు.

అన్వయం: మొదటి పాదాన్ని వరసగా చదువుకుని అదే వరసలో టికెట్టు కొనరాదు. నల్లపాడు దాటగానే సత్తెనపల్లి దారి వేరు, నరసరావుపేట దారి వేరు. దూరాన్వయ దోషమే. రెండో పాదం మాత్రం మద్రాసు మెయిన్‌లైను మీద ఒక్క కుదుపు లేకుండా సాగుతుంది.

ఛందస్సు: ఇంగ్లిషు అక్షరాలను మన నోటితో పలికితే జీ, టీ వంటివి దీర్ఘాలు, ఎన్, ఎల్ వంటివి పొల్లుతో ముగిసేవి. అన్నీ గురువులే. మూడు గురువులు మగణం. విద్యున్మాల ఎనిమిది గురువులకే ఆగుతుంది. ఇక్కడ పాదానికి పన్నెండు, మచ్చుకు ఒక్క లఘువు లేదు. గూడ్సు బండి నడక. మగణానికి అధిదేవత భూమి, ఫలం సంపద. నల్లరేగడి నేలకు ఇంతకన్నా తగిన గణం దొరకదు. ఫలం సంగతి ఆ ఏటి మిర్చి ధరను బట్టి. ఎండుమిర్చి హౌరాకు వెళ్తే మాత్రం హెచ్‌డబ్ల్యూహెచ్ అనాలి. 'డబ్ల్యూ' ఒక్కటే రెండు గురువులు మింగి గణభంగం చేస్తుంది. ఆ దోషం బెంగాలీలది.

అలంకారం: శ్లేష. ఎస్‌ఏపీ అనగా సత్తెనపల్లి అని రైల్వే అర్థం. అమీర్‌పేట కోచింగు సెంటర్లలో చదివినవారికి అది శాప్, జర్మనీ కంపెనీవారి సాఫ్ట్‌వేరు. కాయతొలుచు పురుగు పత్తి తినేసిన ఏడు పొలం తాకట్టు పెట్టి కొడుక్కి ఆ కోర్సు చెప్పించిన ఇళ్ళు ఈ సీమలో ఉన్నాయి గనుక రెండో అర్థాన్ని తోసిపుచ్చరాదు.

కవి ప్రతిభ అసలు చూడవలసింది ఎన్‌ఆర్‌టీ దగ్గర. రైలు పక్షంలో నరసరావుపేట. విమాన పక్షంలో టోక్యోవారి నరిటా ఎయిర్‌పోర్టు. దాని కోడూ ఇదే. మూడో పక్షంలో నాన్ రెసిడెంట్ తెలుగు, అనగా ప్రవాసాంధ్రుడు. ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ పేరులో కూర్చున్నది ఇతడే. పింగళి సూరన రాఘవపాండవీయంలో రామాయణ భారతాలను ఒకే పద్యంలో పలికించాడు. ఎలకూచి బాలసరస్వతి కృష్ణకథను కూడా చేర్చి రాఘవయాదవపాండవీయమనే త్ర్యర్థి కావ్యం రాశాడు. వారికి పద్యమంతా చోటుంది. ఈ కవి మూడక్షరాల్లో ముగించాడు. పేటలో బండెక్కి, నరిటాలో విమానం మారి, అమెరికాలో దిగి ప్రవాసాంధ్రుడైన కుర్రవాడి పెట్టెకు దారిపొడుగునా ఒక్క చీటీ చాలు.

పాఠాంతరం: బాపట్ల రైలుకు బీపీపీ, వరికి బీపీటీ. అక్కడి పరిశోధన స్థానంలో పుట్టి 1986లో విడుదలైన సాంబా మసూరి అసలు పేరు బీపీటీ 5204. రైలు పాఠంలో 'ట' జారి 'ప'కు ద్విత్వం వచ్చింది. అన్నం తినేవారికి వరి పాఠమే సమ్మతం.

పాఠభేదాలు పుట్టే తీరు చూడాలంటే పార్సిలు ఆఫీసుకు వెళ్ళాలి. మిర్చి టిక్కీ మీద బురుసుతో నల్లరంగు అద్ది జీఎన్‌టీ అని రాస్తారు. గోనె పోగుల వెంట రంగు పాకి 'జీ' లోపలి గీత మునిగిపోతుంది. ఆరేసరికి అది 'సీ'. చదవబోయి వంగిన పరిష్కర్తకు ముందు తుమ్ములు వస్తాయి, తర్వాతే సందేహం వస్తుంది. 2020 జులైలో గుంటూరు పక్క రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ప్రత్యేక పార్సిలు రైలులో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్ళింది. అక్కడి వ్యాఖ్యాతలు ఎన్ని తుమ్మారో!

క్లిష్టపదం: సీఎల్‌ఎక్స్. చీరాలలో 'ఎక్స్' ఎక్కడిది? పడుగూ పేకా ఒకదాన్నొకటి దాటే చోటుకు గుర్తని నేతగాళ్ళ పక్షం. రోమన్ అంకెలుగా చదివితే 160 అవుతుంది గనుక నూలు కౌంటని సూక్ష్మదర్శుల పక్షం. వేరే అక్షరం ఖాళీ లేక ఇచ్చారని బుకింగు క్లర్కు పక్షం. మాకు మొదటిదే ఇష్టం. బుకింగు క్లర్కుది నిజమైనా కావచ్చుగానీ రసహీనం.

ఓజీఎల్: ఒంగోలు. సులభం. ఇక్కడి గిత్తలు సముద్రం దాటి బ్రెజిల్‌లో లక్షల మందలయ్యాయి. అక్కడ ఆ జాతిని నెలోర్ అంటారు, అనగా నెల్లూరు. ఓడ ఎక్కించే ముందు మెడలో ఈ మూడక్షరాల రేకు కట్టి ఉండాల్సింది.