పన్నెండో నెల లేని ఊరు

హైదరాబాదులో ఏడాదికి పదకొండే నెలలు. అనుమానముంటే ఏ అద్దె అగ్రిమెంటైనా తీసి చూడండి. పన్నెండో నెలని జిరాక్స్ సెంటర్ వాళ్లు ఎప్పుడో మింగేశారు.

ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. మనం దాటం, గడప ముందే ఆగిపోతాం. ఈ తెలివి కనిపెట్టేనేమో, 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ గడువు మాటే ఎత్తేసి, రాతకోతల లీజు ఎంత చిన్నదైనా రిజిస్టరు చేయాల్సిందే అంది. ఆ సంగతి మా జిరాక్స్ అబ్బాయికి చెప్పాను. "ఆ ఫార్మాటు నా దగ్గర లేదు సార్" అన్నాడు. పదకొండు నెలలకే సంతకం పెట్టి వచ్చాను.

అసలు టులెట్ బోర్డు కింద నిలబడితే ఇంటిని మనం చూడం, ఇల్లే మనల్ని చూస్తుంది. ఎంతమంది ఉంటారు? చుట్టాలు వస్తుంటారా? నాన్‌వెజ్ వండుతారా? కులం మాత్రం అడగరు, పెద్దమనుషులు. ఇంటిపేరు అడుగుతారు, సొంతూరు అడుగుతారు, మా ఆవిడ పుట్టింటి వైపు వివరాలు అడుగుతారు. అప్పటికీ తేలకపోతే "మీవాళ్లు ఆ ఊళ్లో ఎవరెవరున్నారు?" అంటారు.

మనం మాత్రం ఒక్కటి అడిగినా తప్పే. ఏడాది అద్దె లక్ష దాటింది, ఆఫీసులో చూపించాలి, మీ పాన్ నంబరు ఇవ్వండి అంకుల్ అన్నానా, ఆస్తిలో వాటా అడిగినట్టు చూశారు.

మనలాంటి వాళ్ల కోసమే కేంద్రం 2021 జూన్‌లో ఓ నమూనా అద్దె చట్టం తెచ్చింది. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, అదీ పొద్దు గుంకేలోపు. గొడవ వచ్చిందని నీళ్లు, కరెంటు ఆపకూడదు. గోడలకు రంగులు ఓనరు పని. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు ఒప్పుకుంటేనే అమలు. పాపం ఆ చట్టం కూడా మనలాగే సంచీ భుజాన వేసుకుని గేటు గేటుకీ తిరుగుతోంది. కొన్ని రాష్ట్రాలు గది ఇచ్చాయి. మా గల్లీలో దిగిన జాడ లేదు.

మా గల్లీలో నడిచేది ఓనరు గారి నోటి చట్టం. మోటారు ఆరింటికి, గేటు పదింటికి. గోడకు మేకు కొడితే ఆయన గుండెకు కొట్టినట్టే. ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద ఒక నెల అద్దె కోత. ఆ రంగు పడ్డ గోడని ఇంతవరకు చూసినవాడు లేడు.

మనమేమీ తక్కువ తినలేదు. ఆ నమూనా చట్టమే పంపు వాషరు, తలుపు గొళ్లెం, స్విచ్చి, మూసుకుపోయిన మోరీ అద్దెకున్నవాళ్లే చూసుకోవాలంది. పంపు కారుతుంటే "ఓనరు నీళ్లేగా" అంటాం. గడువు దాటి కదలకపోతే మొదటి రెండు నెలలూ రెండింతలు, ఆపైన నాలుగింతలు కట్టాలంది. ఆ పేజీ ఎవరికీ ఫార్వర్డ్ చేయం. చివరి రెండు నెలలూ అద్దె ఎగ్గొట్టి, "అడ్వాన్సులో పట్టుకోండి" అని ఆదివారం తెల్లారకముందే ట్రాలీ ఆటో ఎక్కేస్తాం. ఓనరు కోపమంతా మన తర్వాత దిగేవాడి అడ్వాన్సులో కలుస్తుంది.

మొన్న పదకొండో నెల నిండింది. అంకుల్ పైకొచ్చి, అద్దె పది శాతం పెంచుతున్నామన్నారు. సరే, రంగులు మాత్రం మీరే వేయించాలట అంకుల్, చట్టముంది అన్నాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. "అలాగే బాబూ, ఓసారి తీసుకురండి. ఫ్యామిలీయేనా?"