తాతకు దగ్గు నేర్పే కోర్సు

నైపుణ్య శిక్షణ పొందడం యువత హక్కు అంటూ ఛత్తీస్‌గఢ్ 2013లో చట్టం చేసింది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. మంచిదే. 2015లో కేంద్రం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన తెచ్చింది. అందులో ఒక విభాగం మరీ ముచ్చటైనది: పని వచ్చినవాడిని పరీక్షించి, పని వచ్చని కాగితం ఇస్తారు. ఆ లెక్కన బస్తర్‌లో, కొండగావ్‌లో తాతల నాటి నుంచి ఇత్తడి పోత పోస్తున్న ఘడ్వా కులపు పనివాడికి పోత పోయడం వచ్చని చెప్పడానికి ఒక సారు కావాలి. ఆ సారు ఏనాడైనా పట్టుకారు పట్టారా అని అడక్కండి. పట్టింది పెన్ను, అదీ టిక్కులు పెట్టడానికి.

టిక్కుల సంగతి సరే, పని సంగతి చూడండి. మట్టిలో ఊక కలిపి లోపలి బొమ్మ చేస్తారు. ఎండాక మైనం అంటుకోవడానికి చిక్కుడాకు రుద్దుతారు. తేనెమైనాన్ని సన్నటి దారాలుగా తీసి ఒక్కొక్కటే చుడతారు. దేవత మెడలో హారమైనా, ఏనుగు మీది అలంకారమైనా ఆ దారమే. పైన మెత్తటి మట్టి, ఆపైన ముతక మట్టి. కాల్చితే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. లోహం కరిగిందో లేదో మంట రంగే చెబుతుంది. ఆకుపచ్చ తిరిగిందంటే ఇక తాత్సారం పనికిరాదు. మూసలో చెమ్మ మిగిలితే బొమ్మకు బుడగలు, లోహం దారి ఇరుకైతే దేవతకు చెయ్యి ఉండదు. చల్లారాక మూస పగలగొట్టగానే తప్పు కళ్లెదుటే ఉంటుంది. సంజాయిషీ రాసుకోవడానికి ఫైలుండదు. మళ్లీ మట్టి పిసకడమే.

ఆఫీసు అనుభవానికి ఈ బెడద లేదు. పథకం పోసినవాడు మూస పగిలేలోపు బదిలీ అయిపోతాడు. అలా పాతికేళ్లు తన తప్పు తన కంట పడకుండా నెట్టుకొస్తే దాన్ని అపార అనుభవం అంటారు. రిటైరయ్యాక గిరిజన వ్యవహారాల నిపుణుడని శాలువా కూడా కప్పుతారు.

పట్నం రసికులది ఇంకో రకం. ఎంపోరియంలో బొమ్మ చేతికి తీసుకుని, "ఈ కళ వాళ్ల రక్తంలోనే ఉందండీ" అని పరవశించిపోతారు. నిజానికి 1977లో జాతీయ పురస్కారం అందుకున్న కొండగావ్ పోత శిల్పి జయదేవ్ బఘేల్ కూడా తండ్రి దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడే. కానీ రక్తంలో ఉందని తేల్చేస్తే ఒక సౌకర్యం ఉంది: నేర్చిన ఏళ్లకు ధర కట్టక్కర్లేదు, బేరం నిక్షేపంగా ఆడొచ్చు.

మన ఆదిలాబాద్ వైపు ఉషేగావ్‌లో ఇత్తడి పోత పోసే ఓజలదీ ఇదే విద్య. ఆదిలాబాద్ డోక్రా అనే వాళ్ల పోత పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడికీ ఏదో ఒకనాడు టిక్కుల సారు వస్తారు. అయ్యా, రానివ్వండి, మర్యాద చేయండి. పరీక్ష మొదలుపెట్టే ముందు మాత్రం ఆయన చేతిలో కాస్త మట్టి, కాస్త మైనం పెట్టి ఒక్క బొమ్మ పోత పోయమనండి. మార్కులు ఓజ వేస్తాడు.