లైను లెక్క పద్యము: టీకా తాత్పర్యము

మూలము

లక్ష లిచ్చి చదివి లైను లెక్కకు రాసి
పేరు చూచుకొనిన పెద్ద కొడుకు
కప్పు తీరులోపె యక్రెడిటేషను
వచ్చె, జీత మింక వచ్చు నంట

అవతారిక

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో చీరాల గడియార స్తంభం దగ్గర ఏ టీ కొట్టు ముందు నిలబడ్డా వినిపించే చర్చకు ఇది పద్యరూపం. ‘మావాడు జర్నలిజం అంటన్నాడు బాబాయ్, ఏమంటావ్?’ అని ఒకాయన కదుపుతాడు. బాబాయ్ గ్లాసు కింద పెట్టి ‘ఎంతవుద్ది? ఎంతొచ్చిద్ది?’ అని రెండే ముక్కలడుగుతాడు. కర్త అజ్ఞాతుడు. బాకీ ఉన్నవాడు పేరు దాచుకోవడం లోకసహజం గనుక దాని మీద పరిశోధన అనవసరం.

ఛందస్సు

ఆటవెలది. బేసి పాదాలు పొడుగు, సరి పాదాలు పొట్టి. చదువు ఖర్చూ అప్పూ పొడుగు పాదాల్లో పడ్డాయి, పేరూ జీతమూ పొట్టి పాదాల్లో సర్దుకున్నాయి. కవి లెక్కలు తెలిసినవాడు.

ప్రతిపదార్థము

లక్షలు + ఇచ్చి = రుసుము, హాస్టలు, మెస్సు, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ వగైరాలకు చెల్లించి. ఈ బహువచనం దగ్గర వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. నాగార్జున విశ్వవిద్యాలయంలోనో, 1954 నుంచి జర్నలిజం చెబుతున్న ఉస్మానియాలోనో సీటొస్తే రుసుము వేలల్లోనే తేలుతుంది, కనుక ఇది అతిశయోక్తి అని ఒక పక్షం. వీరు చెన్నై, బెంగళూరు ప్రైవేటు సంస్థల ప్రాస్పెక్టస్‌లు చూసినవారు కారు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నై. అక్కడ ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో ఏడాది డిప్లొమాకే లక్షలు పోయాలి. కాబట్టి ఇది స్వభావోక్తే.

ఇచ్చినది ఎవరు? పైకి తండ్రి, లోపల బ్యాంకు. 4 లక్షల దాకా విద్యారుణానికి తాకట్టు అడగరు. చదువైన ఏడాది తర్వాత వాయిదాలు మొదలవుతాయి. 4 లక్షలు, పదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అనుకుంటే నెలకు 6,700 చిల్లర. మొదటి కొలువులో 18 వేలు వస్తాయనే అనుకుందాం. వాయిదా పోగా మిగిలే 11 వేల చిల్లరతో విజయవాడలో గది, మెస్సు, బండికి పెట్రోలు, అమ్మకు పంపేది. ఈ లెక్కలో కోర్సు సాగినన్నాళ్లూ సంపాదన లేకుండా కూర్చోవడం చేరలేదు. ఆలంకారికులు దాన్ని గుర్తించరు, ఇంట్లో వాళ్లు గుర్తిస్తారు.

లైను లెక్కకు రాసి = అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే డబ్బుకు పనిచేసి. పద్యానికి ఆయువుపట్టు ఇదే. జిల్లా పేజీలు నిండేది జీతగాళ్ల రాతలతో కాదు, మండల విలేకరుల రాతలతో. రాసినదానికి కాదు, అచ్చయినదానికే లెక్క. రొయ్యల చెరువుల గొడవ మీద మూడు రోజులు తిరిగి రెండు పేజీలు పంపితే, రాత్రి ఏ బంగారు నగల దుకాణం ప్రకటనో వచ్చి మీద కూర్చుంటుంది. మిగిలింది ఆరు లైన్లు. నెలాఖరున ఆ ముక్కలు కత్తిరించి, నోటుబుక్కులో బంకతో అంటించి, పక్కన తేదీ వేసి, కింద మొత్తం కట్టి పంపాలి. జాండ్రపేట మగ్గం ముందు కూర్చున్న మనిషికి ఇది విప్పి చెప్పక్కర్లేదు. నూలు మాస్టర్ వీవర్‌ది, చీర మాస్టర్ వీవర్‌ది, నేసినవాడికి మజూరీ. కాకపోతే నేతగాడికి నూలు ఇస్తారు. విలేకరి పెట్రోలు విలేకరే పోయించుకోవాలి. పైగా దసరా, సంక్రాంతి సప్లిమెంట్లకు యాడ్ టార్గెట్లుంటాయి. ఉదయం ఎవరి మీద వార్త రాశాడో సాయంత్రం వాడి కొట్టుకే రసీదు పుస్తకం పట్టుకెళ్లాలి. కమీషన్ వస్తుంది, నిజమే. ఏ సిలబస్‌లోనూ లేని పాఠం ఇదొక్కటే.

పేరు చూచుకొనిన = బైలైనులో తన పేరు అచ్చులో కనబడగా మురిసిన.

పెద్ద కొడుకుకు = ఈ పాదం చివర ‘కు’ అనే షష్ఠీ విభక్తి ఉండాలి. లేదు. స్థలం చాలక డెస్క్ కింది పాదంలోకి తోసేసి ఉంటుంది; అక్కడి ‘కప్పు’ను ‘కు + అప్పు’ అని విడదీసుకోవాలి.

అక్రెడిటేషను = సమాచార పౌరసంబంధాల శాఖ ఇచ్చే కార్డు. దీనితో బస్సులో రాయితీ ఉంటుంది, ఆఫీసుల్లో కుర్చీ ఉంటుంది. కార్డు సర్కారు ఇస్తుంది, పత్రిక సిఫార్సు చేస్తుంది, జీతం మాత్రం ఇద్దరిలో ఎవరి పద్దులోనూ రాదు.

తాత్పర్యము

పట్టాకు అప్పు చేసినవాడికి గౌరవం ముందు, కూడు తర్వాత.

విశేషములు

1. జీతము అనే పదం మీద చరిత్రకారుల మాట. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ పైన 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు; 1914లో మద్రాసు నుంచి అది దినపత్రికయింది. ముందు తలనొప్పి మందు, ఆ తర్వాత తలనొప్పి. ఆ వరుసలోనే కిటుకుంది. తెలుగు పత్రిక ఖర్చును వార్త ఒక్కటే ఎప్పుడూ భరించలేదు. నాడు మందు డబ్బా మోసింది, నేడు రియల్ ఎస్టేట్ ప్రకటన మోస్తోంది. 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది. మజీఠియా వేతన సంఘం సిఫార్సులను 2011లో కేంద్రం నోటిఫై చేస్తే 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. కానీ ఆ ఫలం అందుకోవాలంటే ముందు ఉద్యోగినని కాగితం ఉండాలి. లైను లెక్కవాడి దగ్గర లేనిదే ఆ కాగితం.

2. పూర్వపక్షము. ‘పట్టా దండగేనా? పౌరసంబంధాల శాఖ కొలువులకు జర్నలిజం చదువు అడుగుతారు కదా, కంపెనీల పీఆర్ ఉద్యోగాలున్నాయి కదా’ అంటారా, ఉన్నాయి. సర్కారు నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే ఓపిక కూడా ఖర్చు కింద రాసుకోండి. ఇంగ్లీషు బాగా పట్టుబడి ఢిల్లీ, చెన్నై ఇంగ్లీషు పత్రికల్లో అడుగుపెట్టేవాడికి ఖరీదైన డిప్లొమా గిట్టుబాటు కావచ్చు. తెలుగు డెస్క్‌కే వెళ్లేవాడికి కాదు. మన దగ్గర విద్య నేర్పేది పత్రికే, నేర్పుతూ డబ్బిచ్చేదీ పత్రికే. ఈనాడు జర్నలిజం స్కూలుకు జర్నలిజం పట్టా అక్కర్లేదు. ఏ డిగ్రీ అయినా ఉండి, తెలుగు, ఇంగ్లీషు, అనువాదం పరీక్షల్లో నెగ్గితే శిక్షణ కాలంలో నెలనెలా భృతి ఇస్తారు. ఆ తర్వాత కొన్నేళ్లు అక్కడే పనిచేస్తానని రాసివ్వాలి, అది వేరే సంగతి. అప్పు మీద నేర్చుకోవడానికీ భృతి మీద నేర్చుకోవడానికీ మధ్య తేడా చూడని తండ్రిని నేను చీరాలలో చూడలేదు. చూడని కొడుకులను చూశాను.

3. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నాటిది. పాత పత్రికల దొంతరలు అక్కడున్నాయి. వార్తకు మొదటి వాక్యం ఎలా ఎత్తుకోవాలో, సంపాదకీయాన్ని ఎక్కడ ఆపాలో అక్కడ కూర్చుని నేర్చుకోవచ్చు. ఖర్చు ఆటో ఛార్జీ.

4. దృష్టాంతము. ఈ ఊరి చరిత్రలో చదువుకూ రాబడికీ అసలు పొంతన కుదరని పేరొకటుంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడిన్‌బరోలో ఎం.ఏ. చేసి వచ్చారు. 1921లో పురపాలక పన్నులు కట్టబోమని చీరాల, పేరాల జనాన్ని ఊరు ఖాళీ చేయించి, రామనగర్ పాకల్లో నెలల తరబడి నిలబెట్టారు. దక్కింది జైలు. 1928లో పేదరికంలోనే పోయారు. విదేశీ పట్టా మీద రాబడి ఎంతని గడియార స్తంభం బాబాయ్ ఆయన్ను అడిగి ఉంటే ఏం చెప్పేవారో గానీ, ఆయన బ్యాంకు అప్పు మీద ఉద్యమం చేయలేదు. ఈ ఉదాహరణను కొడుకులు వాడుకోకుండా తండ్రులు జాగ్రత్తపడాలి.

పాఠాంతరము

నాలుగో పాదంలో ‘జీత మింక వచ్చు నంట’ అన్నచోట ‘జీత మిపుడు వచ్చె నంట’ అని హైదరాబాదు డిజిటల్ డెస్కుల ప్రతుల్లో కనబడుతుంది. గణాలు సరిపోతాయి, యతి కూడా చెడదు. అయితే ‘అంట’ అన్నారే గానీ ఎవరికి వచ్చిందో చెప్పలేదు. బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూసేదాకా మేము పాత పాఠాన్నే గ్రహించితిమి.