ఇనప ముక్కకు మూడు ధరలు

కృష్ణా డెల్టాలో తాతగారి ట్రాక్టరుకు మూడు ధరలుంటాయి. మొదటిది పంపకాల నాడు పెద్దమనుషుల ముందు తేలుతుంది. బండిని తన వాటాలో వేయించుకోదలచిన తమ్ముడు దాన్ని చూసి పెదవి విరుస్తాడు. "ఇంజను చచ్చింది, టైర్లు పగిలాయి, దొడ్లో చోటు దండగ. నాన్నగారి గుర్తని ఉంచుకుంటాను, ఓ పదివేలు వేసుకో అన్నయ్యా" అంటాడు. అన్నయ్య వేసుకుంటాడు.

కొన్నేళ్లకు అదే బండి, అదే దొడ్లో, సీటు మీద కోడి పొదుగుతుండగానే, అయిదు లక్షలైపోతుంది. మధ్యలో ఎవరూ చుక్క ఆయిలు పోసిన పాపాన పోలేదు. తమ్ముడుగారికి దానమివ్వాలని బుద్ధి పుట్టిందంతే. ఊరి హైస్కూలుకు ఇచ్చి, "పురాతన ట్రాక్టరు, విలువ అయిదు లక్షలు" అని పాలరాయి మీద చెక్కించాలట.

పురాతనమా? 1972 నాటి పురావస్తువుల చట్టం లెక్కన అలాంటి వస్తువుకు నూరేళ్లు నిండాలి. తాతగారి ఇంటర్నేషనల్ బి-275 రకం ఈ దేశంలో తయారవడం మొదలైందే 1960లలో. తొలి బండికైనా 2060లు రావాలి. పోనీ వింటేజి అందామా? 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటాలి, అసలు రూపం చెడకూడదు. పైగా అవి ద్విచక్ర వాహనాలకూ కార్లకూ రాసినవి. దమ్ము చక్రాలు తొడుక్కునే బండికి అందులో చోటు లేదు. అసలు రూపం సంగతి అడక్కండి. రేడియేటరు ఒక కంపెనీది, సీటు ఇంకో కంపెనీది, బానెట్ ఆటోనగర్‌ది.

ఆర్సీ ఇంకా తాతగారి పేరునే ఉంటుంది. యజమాని పోయాక మూడు నెలల్లోగా వారసుడు ఫారం 31 పెట్టుకోవాలని రూలు. మూడు నెలల సంగతి అటుంచండి, ముప్ఫై ఏళ్లైనా పెట్టినవాడు లేడు. అంటే పోయినాయన బండిని బతికున్నాయన దానం చేస్తున్నాడన్నమాట.

అసలీ విలువ ఎవరికి చూపించాలి? వారసత్వపు ఆస్తి మీద ఎస్టేటు డ్యూటీ 1985లోనే పోయింది. సంపద పన్ను 2015లో పోయింది. మిగిలిన ఆశ ఒక్కటే, విరాళాలిస్తే ఆదాయపు పన్నులో దొరికే, 80జి అని పిలిచే మినహాయింపు. దాత వాల్యుయరుకు ఫీజిచ్చి, సర్టిఫికెట్ పట్టుకుని గవర్నరుపేట ఆడిటరుగారి దగ్గరికి వెళ్తాడు. ఆయన చల్లగా చెబుతాడు: డబ్బు రూపంలో ఇచ్చినదానికే మినహాయింపు, వస్తువుకు సున్నా. బర్రెనిచ్చినా సున్నాయే, బి-275 ఇచ్చినా సున్నాయే.

అంతటితో ఊరుకోరు. డాలస్‌లో ఉన్న అబ్బాయి ఫోను చేస్తాడు. "డాడీ, ఇక్కడైతే వస్తుదానానికి కూడా మినహాయింపు ఉంది" అంటాడు. నిజమే. అక్కడ 500 డాలర్లు దాటితే 8283 ఫారం నింపాలి, 5,000 దాటితే అర్హత ఉన్న మదింపుదారు నివేదిక కావాలి. కాకపోతే పుచ్చుకునేది అక్కడి చట్టం కింద ఏర్పడిన సంస్థ అయ్యుండాలి. గుడివాడ దగ్గరి స్కూలుకు నేరుగా ఇస్తే అక్కడా రాదు, ఇక్కడా రాదు. రెండు దేశాలూ ఒక్క మాట మీద నిలబడ్డ సందర్భాల్లో ఇదొకటి.

అయినా దానం ఆగదు, ఫ్లెక్సీలు అచ్చయిపోయాయి మరి. బండిని లాక్కొచ్చిన క్రేను అద్దె స్కూలుదే. దాతకు కప్పిన శాలువా ఖర్చూ స్కూలుదే. ఫొటో అయ్యాక బండి సైకిల్ స్టాండుకు అడ్డంగా దిగబడిపోతుంది. వానాకాలం వచ్చేసరికి టైర్లలో నీళ్లు, నీళ్లలో దోమలు. హెడ్మాస్టరుగారు తీయించలేరు, పాలరాయి మీద అయిదు లక్షలని ఉంది కదా! నడిచే బండి మాట వేరు. అది వ్యవసాయ ఇంజనీరింగు చదివే పిల్లలకు పనికొస్తుంది, అదీ వాళ్లు కావాలంటే.

మూడో ధర చెప్పేవాడు ఆటోనగర్‌లో ఉంటాడు. తాతగారెవరో అడగడు. వంగి చూసి, "హైడ్రాలిక్ పంపు పనికొస్తుంది, గేరుబాక్సు విప్పి చూడాలి, మిగతాది కాటా" అంటాడు. ఈ మొత్తం వ్యవహారంలో నిజమైన వాల్యుయరు అతనొక్కడే. ఎందుకంటే చెప్పిన ధర జేబులోంచి తీసి ఇచ్చేదీ అతనే.

కాబట్టి దాతలారా, ముందు ఫారం 31 పెట్టండి, తర్వాత బండి అమ్మండి. వచ్చిన సొమ్ముకు స్కూలు పేరున చెక్కు రాయండి. 80జి కావాలంటే ఆ స్కూలుకో ట్రస్టుకో దాని గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి, 2,000 దాటితే నగదు ఇవ్వకండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు కూడా రాదు. అయినా రాయండి.