అన్నీ మందులే

మా మేనమామకు లోకంలో మందు ఒక్కటే. పత్తికి కొట్టేదీ మందే, బీపీకి మింగేదీ మందే, పొద్దుమీకినాక పుచ్చుకునేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే. కొలతా ఒక్కటే: అందాజ.

రాయికోడ్‌లో ఇలాంటి మామలు వాడకొకరుంటారు. పురుగుమందు డబ్బా మీది కొలత పిరికోళ్ల కోసం రాసిందని ఆయన నమ్మకం. తన చేతిమీదుగా ఇంకో మూతెడు ఒంపితే గానీ తృప్తి ఉండదు. తలనొప్పి వస్తే అత్త బీపీ గోలీ సగం విరిచి వేసుకుంటాడు. అదే మనిషి కూరలో చిటికెడు ఉప్పు ఎక్కువైతే, “కొలత తెల్వదా నీకు?” అని అత్త మీద లేస్తాడు.

ఆయన ప్రాణమంతా తాత నాటి బర్మార్ తుపాకీలో ఉంది. గొట్టం నోట్లోంచి మందు పోసి, చువ్వతో కూరి, టోపీ పెట్టి పేల్చే రకం. 1959 ఆయుధాల చట్టం పంట కాపలాకు ఇలాంటి తుపాకీని పేరుపెట్టి మరీ ఒప్పుకుంది. ఆ లైసెన్సు కాగితం పట్టాదారు పాస్‌బుక్కు పైన ఉంటుంది. ఆలుగడ్డ చేను మంచె మీద ఆయన కూర్చుంటే పందులు ఎక్కడికీ పోవు. ఢామ్మంటుంది, తడికట్టెల పొయ్యి రాజేసినట్టు పొగ కమ్ముతుంది, అది విడేసరికి అవి మరో చాలు లేపి ఉంటాయి.

ఆ పొగ మీద కసితోనే ఎవరో దోస్తు దగ్గర తూటాల్లోని మందు డబ్బాడు తెచ్చాడు. “పొగ రాదటరా! అదే చెంచా, అదే లెక్క. మందు మందే గదా, ఏమైతది?”

నేను లేచి నిలబడ్డాను. “మామా, 1884లో ఫ్రాన్సులో పాల్ వియ్యే అనేటాయన పొగరాని మందు చేసిండు. సైన్యానికి గూడ నీ బాధే, పొగల ఏమీ అవుపడకపోయేది. కని ఆ మందును పాత తుపాకీల పొయ్యలే. 1886ల లెబెల్ అని కొత్త తుపాకే చేయించుకున్నరు.”

“మనది గూడ గట్టి ఇనుమే.”

ఇనుము సంగతి కాదిది. నల్లటి పాత తుపాకీమందును చెంచాతో కొలిచి పోస్తారు, పొంగినా గొట్టం ఓర్చుకుంటుంది. తూటామందు అదే చెంచాడు పోస్తే ఒత్తిడి ఎన్నో రెట్లు. ఎంత బిగిస్తే అంత వేగంగా మండుతుంది, మామేమో చువ్వతో మరీ బిగిస్తాడు. తూటా తుపాకీలో వెనక దారిని ఇత్తడి గుల్ల మూసేస్తుంది. బర్మార్‌లో వెనక ఉండేది ఒక మర, ఒక చిల్లి, ఆ వెనకాల మామ కన్ను.

“ఒకపారి పేల్చి చూస్త, ఏంగాకుంటె...”

అసలు భయం అదే. మొదటిసారి ఏమీ కాకపోవచ్చు. గొట్టం లోపల్లోపల సాగి, చిట్లి, ఎన్నో దెబ్బకు పగులుతుందో అందాజ వేయలేం. అల్లం అమ్మడానికి బీదర్ పోయినప్పుడల్లా మహమూద్ గవాన్ మదర్సాకు మిగిలిన ఒంటి మినారు ఆయన చూస్తూనే ఉంటాడు. ఆ ముఖభాగం కూలింది మందు పేలుడుకేనని చెప్పాను.

“గది పెద్ద మందు రా,” అన్నాడు.

నాకు నవ్వు, కోపం కలిసే వచ్చాయి. పెద్ద మాటలు చెప్పాను గానీ, నిరుడు జ్వరమొస్తే అయిదు రోజుల గోలీలు రెండో రోజే ఆపేసింది నేనే. స్కూటర్ టైరులో గాలి బొటనవేలితో నొక్కి చూసేదీ నేనే. మేనమామ పోలిక.

డబ్బాను అత్త ఇచ్చినోళ్లకే మర్లగొట్టింది. ఇంతలో ఎన్నికలొచ్చాయి, రివాజు ప్రకారం తుపాకీ ఠాణాలో జమైంది. మామ మంచె మీద రేకు డబ్బా కొడుతూ గొణుక్కుంటున్నాడు. కౌంటింగ్ అయిన సాయంత్రం అత్త ఫోన్ చేసింది.

“మల్ల ఓట్లు ఎప్పుడొస్తయి బిడ్డా?”