బారసాల జరగని ఫైళ్లు

మా బావగారి లాప్‌టాప్ తెర మీద వేంకటేశ్వరస్వామి ఉంటాడు. ఉంటాడని ఆయన చెబితే మనం నమ్మాలి. కిరీటం దగ్గర్నుంచి మోకాళ్ల దాకా అన్నీ ఐకాన్లే. ఎడమ పక్క నుంచి వరస కట్టి నిండుతూ వచ్చిన ఫైళ్లు స్వామిని మొత్తం కప్పేసి, కుడి కింద మూల ఒక్క పాదాన్ని మాత్రం దయతలచి వదిలిపెట్టాయి. ఆ ఇంట్లో శుక్రవారంతో పనిలేదు, రోజూ నిజపాద దర్శనమే.

ఆ మధ్య మా మేనకోడలి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి సర్టిఫికెట్లు అప్‌లోడ్ చెయ్యాల్సిన ఆఖరి రాత్రి. అన్నీ ఎక్కాయి, ఆదాయ ధ్రువపత్రం ఒక్కటి మిగిలింది. “స్కాన్ చేసి ఇందులోనే పెట్టానోయ్” అన్నారు బావగారు. ఇందులో అంటే ఎక్కడండీ అని అడిగాను. “ఎక్కడుంటే ఏం? సెర్చ్ ఉంది కదా!” అని కాలు మీద కాలేసుకున్నారు.

సెర్చ్ ఉంది కదా. ఈ మాట ఇప్పుడు ఇంటింటా “పైన దేవుడున్నాడు” అన్నంత ధీమాగా వినిపిస్తోంది. దేవుడి సంగతి నాకు తెలియదు. సెర్చ్ సంగతి మాత్రం ఆ రాత్రి పదకొండున్నర దాకా దగ్గరుండి చూశాను.

ముందు కింద ఉన్న పెట్టెలో “ఇన్‌కమ్” అని కొట్టారు. అది ఇల్లు వదిలేసి ఇంటర్నెట్టంతా తిరగడానికి తయారైంది. మన ఆదాయం కాగితం అడిగితే లోకుల ఆదాయం గురించి చెప్పబోయింది. తర్వాత డి డ్రైవ్‌లోకి వెళ్లి కొట్టారు. పైన ఆకుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది. అక్క కాఫీ పెట్టింది, మేం తాగాం, గ్లాసులు కడిగింది, గీత ఇంకా పాకుతూనే ఉంది. కారణం పెద్ద రహస్యమేం కాదు. విండోస్ మామూలుగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి కొన్ని చోట్లకే ముందుగా సూచిక రాసి పెట్టుకుంటుంది. డి డ్రైవ్‌కి ఆ భాగ్యం లేదు. అక్కడ ప్రతిసారీ గడపగడపా తొక్కాల్సిందే.

చివరికి గీత ఒడ్డుకి చేరి ఒక్క ముక్క చెప్పింది: ఏమీ దొరకలేదు. దొరకదు మరి. ఆ ఫైలు పేరు స్కానర్ పెట్టిన “స్కాన్ 0001”. బావగారు దాన్ని పుట్టించారే గానీ పేరు పెట్టలేదు. స్కాన్ చేసిన కాగితం మనకి ఆదాయ ధ్రువపత్రం, సెర్చ్‌కి ఒట్టి బొమ్మ. అందులోని అక్షరాలు దానికి కనపడవు. మీరు చెప్పిన పేరునే అది మీకు తిరిగి చెబుతుంది. చెప్పకపోతే చెప్పదు. అందులో దాని తప్పేముంది?

మనం పేర్లు పెట్టడం చేతకాని జాతేమీ కాదు. బిడ్డ పుడితే నక్షత్రం, పాదం చూసి తొలి అక్షరం తీయిస్తాం. పదకొండో రోజో, ఇరవై ఒకటో రోజో పదిమందిని పిలిచి పళ్లెంలో బియ్యం పోసి పేరు రాయిస్తాం. ఇంటికి పేరు పెడతాం, లారీకి పేరు పెడతాం, పక్కింటివాళ్లకి అడక్కుండానే పేర్లు పెడతాం. ఫైలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం “న్యూ ఫోల్డర్”, దాని కడుపులో “న్యూ ఫోల్డర్ 2”, ఆ కడుపులో మళ్లీ “న్యూ ఫోల్డర్”. మనవడికి తాత పేరు పెట్టుకునే ఆచారం ఇక్కడొక్కచోటే నిక్కచ్చిగా సాగుతోంది.

ఇరుకు గది అనే సాకు కూడా చెల్లదు. డాస్ రోజుల్లో పేరుకి ఎనిమిది అక్షరాలు, తోకకి మూడు, అంతే. అప్పుడు కుదించి రాశారంటే అర్థముంది. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చి 255 అక్షరాల దాకా పేరు పెట్టుకోండని చెప్పింది. ఇంటిపేరు, గోత్రం, ఊరు, తాలూకా అన్నీ రాసినా ఇంకా జాగా మిగులుతుంది. అంత వైశాల్యంలో మనవాళ్లు కట్టిన భవనం పేరు “ఏఏఏ”. ఒకాయన తేదీ వేద్దామని బుద్ధిగా 12/06 అని కొట్టాడట. ఆ ఏటవాలు గీత పేరులో కుదరదంది కంప్యూటర్. అక్కడితో ఆయనకి విరక్తి పుట్టి “కొత్తది” అని పెట్టి పడుకున్నాడు. ఆ కొత్తదానికి ఇప్పుడు ఎనిమిదేళ్లు.

ఇక పేరు పెట్టే ఓపికున్న వాళ్ల పాట్లు వేరు. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మన జాతీయ క్రీడ. పెళ్లి ఫొటోలకి అబ్బాయి చివర “ఐ” పెడతాడు, అమ్మాయి “వై” పెడుతుంది, వరంగల్ వియ్యంకుడు “పెండ్లి” అని మధ్యలో ఇంకో రెండు అక్షరాలు దూరుస్తాడు. ఆధార్‌కి సర్కారు వారి స్పెల్లింగ్‌లో మొదట రెండు “ఏ”లు, “డి” పక్కన “హెచ్”, మళ్లీ రెండు “ఏ”లు. మన కంప్యూటర్లలో అది పొట్టిగా, పొడుగ్గా, హెచ్ పోగొట్టుకుని నాలుగైదు అవతారాల్లో ఉంటుంది. మత్స్యాన్ని పిలిస్తే కూర్మం పలుకుతుందా? పోనీ హాయిగా తెలుగులోనే పేరు పెట్టండి, విండోస్ కాదనదు. కానీ అక్కడా “ళ్లి” ఒకటి, “ళ్ళి” ఒకటి. ఏదో ఒకదానికి కట్టుబడి ఉండాలి.

డీటీపీ సెంటర్ల సంగతి మరీ విచిత్రం. అక్కడ ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కొట్టిన శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు గుట్టలుగా ఉంటాయి. తెర మీద కనిపించేది అచ్చమైన తెలుగే. లోపల కంప్యూటర్ దాచుకున్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. మీరు యూనికోడ్‌లో “శుభలేఖ” అని రాసి వెతికితే అందులో ఒక్క ఫైలూ ఉలకదు, పలకదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. మన పాత ఫైళ్లకి ఆ కబురు ఇంకా అందలేదు. అక్కడ కూడా ఆదుకునేది పైన పెట్టిన పేరొక్కటే. ఆ పేరేమో “ఫైనల్”.

ఫైనల్! ఈ మాట మీద ఒక పరిశోధనా గ్రంథం రాయొచ్చు. మొదట “ఫైనల్”. తెల్లారి “ఫైనల్ 2”. తర్వాత “లేటెస్ట్ ఫైనల్”, “ఫైనల్ కరెక్షన్స్”, “ఇదే ఫైనల్”. ప్రతి ఎన్నికల్లోనూ “ఇవే నా చివరి ఎన్నికలు” అనే నాయకుణ్ణి చూసి నవ్వుకునే మనం, మన డెస్క్‌టాప్ మీద అలాంటివాళ్లని డజను మందిని పోషిస్తున్నాం. నేనూ పోషించాను. ఒకసారి సంపాదకుడికి “ఫైనల్” పంపి, “ఫైనల్ 2” అచ్చయిందనుకుని నెల రోజులు ఊరంతా తిరిగాను.

ఇంతకీ ఈ “సర్దక్కర్లేదు, వెతుక్కోండి” అన్న ఉపదేశం ఊరికే రాలేదు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చినప్పుడు గూగుల్ వాళ్లు వినిపించిన పాట ఇది. ఒక జీబీ జాగా ఉచితమంటే జనం ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. ఆ జీబీ నిజమే అయింది. పక్కనే చెప్పిన మాటకి మాత్రం ఇరవయ్యేళ్లు దాటినా మనం ఫూల్స్ అవుతూనే ఉన్నాం. వాళ్లు చెప్పింది ఉత్తరాల గురించి. ఉత్తరానికి పంపినవాడి పేరు, తేదీ, విషయం పుట్టుకతోనే మొలతాడులా కట్టి ఉంటాయి. వాటిని పట్టుకుని లాగితే వస్తుంది. మీ స్కాన్ 0001కి ఏ మొలతాడు కట్టారు మీరు?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా మేనల్లుడికి ఫోన్ చేస్తే, “మావయ్యా, ఇప్పుడెవరూ ఫోల్డర్లు చేసుకోరు, అది మీ కాలం అలవాటు” అన్నాడు. నిజమే. ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందని అడిగితే కాలేజీ పిల్లలకి ప్రశ్నే అర్థం కావడం లేదని అధ్యాపకులు తలపట్టుకున్నారని 2021లో “ది వెర్జ్” అనే అమెరికా వెబ్ పత్రిక రాసింది. వాళ్లు దాన్ని ఇబ్బందిగా రాశారు. మావాడు దాన్ని బిరుదుగా చెప్పుకుంటున్నాడు.

అసలు డెస్క్‌టాప్ అంటే బల్ల. 1981లో జిరాక్స్ కంపెనీ “స్టార్” అనే యంత్రం తెర మీద ఆఫీసు బల్లని బొమ్మగా గీసింది. 1984లో మాకింటాష్ దాన్ని మామూలు జనం దగ్గరికి తెచ్చింది. సాయంత్రానికి బల్ల ఖాళీ చేసి ఇంటికెళ్లే మనిషిని ఊహించుకుని గీసిన బొమ్మ అది. మనం దాన్ని వీధి అరుగు చేశాం. వచ్చినవాడు వచ్చినట్టు కూర్చుంటాడు, లేవడు. పైగా అరుగు ఇంటిలో భాగమన్న సంగతి మరిచిపోతాం. కంప్యూటర్ మొరాయిస్తే మెకానిక్ వచ్చి, “సి డ్రైవ్ ఫార్మాట్ కొడతాను సార్, మీవన్నీ డి లోనే ఉన్నాయి కదా?” అంటాడు. “అన్నీ డి లోనే” అంటాం. డెస్క్‌టాప్ ఉండేది సి లోనే. ఇల్లు పడగొడితే అరుగు మిగులుతుందా? ఆ మాటకొస్తే చాలా లాప్‌టాపుల్లో సి, డి ఒకే డిస్కు మధ్యలో గీసిన గీతకి అటూ ఇటూ ఉన్న వాటాలు. డిస్కు పోయిన రోజున అన్నదమ్ములిద్దరూ ఒకే పాడె మీద పోతారు.

ఇంకో మహానుభావుడు శుభలేఖ ఐకాన్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రింటింగ్ ప్రెస్‌కి వెళ్లాడు. ఐకాన్ మూలన వంకర బాణం ఉందని చూసుకోలేదు. అది ఫైలు కాదు, షార్ట్‌కట్. ఇల్లు కాదు, ఇంటికి దారి చూపించే బోర్డు. బోర్డు పీక్కుని పక్కూరికి మోసుకెళ్తే ఇల్లు వెంట వస్తుందా?

కాగితం వెతికి తీయడమంటే పాతకాలం ఊరి కరణమే గుర్తొస్తాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల ఉద్యోగాలు తీసేసింది. ఆ కరణం గుడ్డలో మూటకట్టిన దస్త్రాల్లోంచి సర్వే నంబరు చెప్పగానే అడంగల్ తీసేవాడు. ఆయన రాత ఊళ్లో ఎవరికీ అర్థమయ్యేది కాదని, కావాలనే అలా రాసేవాడని ఆడిపోసుకునేవాళ్లు. ఎంత గజిబిజిగా రాసినా ఆయనకి ఆయన కాగితం దొరికేది. మన కాగితం మనకే దొరకదు. ఆ కళలో మనం కరణాల్ని మించిపోయాం.

ఆ రాత్రి కథ ముగిసిన తీరు వినండి. పదకొండున్నరకి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, బీరువా తెరిచి, పట్టుచీరల అరలో పసుపు కవరులోంచి అసలు కాగితం తీసి మా ముందు పెట్టింది. అర నిమిషం పట్టింది. ఆవిడ కంప్యూటర్ ముట్టుకోలేదు గానీ పోపుల పెట్టె వాడుతుంది. ఆవాల గిన్నె, జీలకర్ర గిన్నె, మెంతుల గిన్నె, దేని చోటు దానిది. “ఆవాలు ఎక్కడుంటే ఏం, ముక్కుంది కదా, వాసన పట్టి తీస్తాను” అని ఏ ఇల్లాలూ అనదు. అంటే ఆ ఇంట తిరగమోత మాడిపోతుంది.

బావగారు ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, వాట్సాప్‌లో పంపుకుని, డెస్క్‌టాప్ మీదే దించుకుని అప్‌లోడ్ చేశారు. స్వామివారి ఆ ఒక్క పాదం కూడా మూసుకుపోయింది.

అయ్యలారా, అమ్మలారా, సెర్చ్‌ని మానెయ్యమని నేను చెప్పడం లేదు. పేరున్నదాన్ని అది కనురెప్ప పాటులో తెస్తుంది. డాక్యుమెంట్స్ తెరిచి పోపుల పెట్టెలా ఆరు గిన్నెలు పెట్టండి: చదువు, ఇల్లు, బ్యాంకు, ఆరోగ్యం, ఉద్యోగం, ఫొటోలు. ఫైలు మీద ఒక్కసారి నొక్కి ఎఫ్2 కొడితే పేరు మార్చుకోవచ్చు. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన రోజు, ఏటవాలు గీతల బదులు చిన్న అడ్డగీతలు, ఆ తర్వాత ఏమిటి, ఎవరిది: “2024-06-12 ఆదాయ ధ్రువపత్రం నాన్న”. ఇలా రాస్తే అవి వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. నెలకోసారి ఆ గిన్నెలన్నిటికీ బయటి డిస్కులో ఒక నకలు తీయండి. తిథి, నక్షత్రం చూడక్కర్లేదు. ఇవాళ రాత్రి పడుకునే ముందు ఒక్క ఫైలుకి బారసాల చెయ్యండి.